గ్యాస్ సెన్సర్‌కీ, సాలిడ్ ఆక్సైడ్ ఫ్యూయల్ సెల్‌కీ (హైడ్రోజన్ లాంటి ఇంధనం నుంచి నేరుగా కరెంటు తీసే పరికరం) ఒకే మెటల్ ఆక్సైడ్ వాడొచ్చా? ప్రాజెక్టు దేనితో మొదలుపెట్టాలి?

వాడొచ్చు, కానీ ఏదంటే అది కాదు. ఆ ఆక్సైడ్‌లో కరెంటును మోసేది ఎలక్ట్రానా, ఆక్సిజన్ అయానా అన్నది ముందు చూడండి. మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

టిన్ ఆక్సైడ్‌లో మోసేది ఎలక్ట్రాన్. దాన్ని 200 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తే గాలిలోని ఆక్సిజన్ ఆ టిన్ ఆక్సైడ్ రేణువులకు అంటుకుని ఎలక్ట్రాన్లను పట్టేసుకుంటుంది, రెసిస్టెన్స్ పెరుగుతుంది. కార్బన్ మోనాక్సైడ్ తగిలితే ఆ ఆక్సిజన్ దానితో కలిసిపోతుంది, ఎలక్ట్రాన్లు తిరిగొస్తాయి, రెసిస్టెన్స్ పడిపోతుంది. సెన్సర్‌కు ఇది చాలు. ఫ్యూయల్ సెల్ ఎలక్ట్రోలైట్‌గా, అంటే ఇంధనాన్నీ గాలినీ వేరుచేస్తూ అయాన్లను మాత్రమే దాటనిచ్చే పొరగా మాత్రం పనికిరాదు. ఎలక్ట్రాన్లు లోపలినుంచే దాటిపోతే బయటి సర్క్యూట్‌కి ఏం మిగులుతుంది?

రెండిటికీ పనికొచ్చేది యిట్రియా (యిట్రియం ఆక్సైడ్) కలిపిన జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్). నాలుగు చార్జీల జిర్కోనియం స్థానంలో మూడు చార్జీల యిట్రియం చేరడంతో అక్కడక్కడ ఆక్సిజన్ ఖాళీలు ఏర్పడతాయి. వేడి మీద అయాన్లు ఆ ఖాళీల్లోకి ఒకదాన్నుంచి ఒకదానికి గెంతుతూ పోతాయి. పెట్రోలు కార్ల ఎగ్జాస్ట్‌లో ఉండే ఆక్సిజన్ సెన్సర్ చాలావరకు ఇదే. రెండు వైపులా ఆక్సిజన్ తేడాకు పుట్టే వోల్టేజీని కరెంటు తీయకుండా చదివితే సెన్సర్, లోడ్ పెట్టి కరెంటు తీస్తే ఫ్యూయల్ సెల్.

అందుకే మీరు 8 మోల్ శాతం యిట్రియా ఉన్న జిర్కోనియా బిళ్లతో మొదలుపెట్టండి. ఒకవైపు కాస్త తడి కలిపిన హైడ్రోజన్, మరోవైపు గాలి పంపి 800 డిగ్రీల దగ్గర ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (కరెంటు తీయకుండా చదివే వోల్టేజీ) చూడండి. దాదాపు 1.1 వోల్టు రావాలి. 0.9 దగ్గరే ఆగితే చాలామంది వెంటనే పౌడర్‌ను అనుమానిస్తారు. నేను చూసినంతలో దోషి ఎక్కువగా బిళ్ల అంచున గ్యాస్ కారకుండా వేసే సీల్, లేదా సరిగా సింటర్ కాక (వేడికి పొడి రేణువులు పూర్తిగా అతుక్కోక) బిళ్లలో మిగిలిన రంధ్రాలు. హైడ్రోజన్ ఫ్లో పెంచి చూడండి: వోల్టేజీ కదిలితే గ్యాస్ ఎక్కడో కారుతోందనే అనుకోవచ్చు. కారుతుంటే ముందు సరఫరా ఆపి చల్లారనివ్వండి, అంత వేడి మీద హైడ్రోజన్‌తో చెలగాటం వద్దు.

గాడోలినియం కలిపిన సీరియా (సీరియం ఆక్సైడ్) 600 డిగ్రీల దగ్గర జిర్కోనియా కంటే బాగా అయాన్లను మోస్తుంది, నాకు చాలా ఇష్టమైన పదార్థం. అయితే వేడి ఇంకా పెరిగితే హైడ్రోజన్ వైపు సీరియం కొంత నాలుగు చార్జీల నుంచి మూడుకు దిగి, ఎలక్ట్రాన్లకు కూడా దారి ఇస్తుంది. అప్పుడు సీల్ ఎంత బాగున్నా వోల్టేజీ తగ్గుతుంది. మొదటి ప్రాజెక్టుకు ఆ చిక్కు వద్దు.

జిర్కోనియా బిళ్ల గట్టిపడాలంటే సుమారు 1400 నుంచి 1500 డిగ్రీలు కావాలి. మీ ఫర్నేస్ ఎంతదాకా వెళ్తుందో రాయండి, దాన్నిబట్టి మిగతాది చెబుతాను.