డాష్‌బోర్డు మీద ఒకేసారి మూడు లైట్లు వెలిగితే

కొత్తగా విదేశానికి వచ్చి పాత కారు కొనుక్కున్న పిల్లల నుంచి నాకు తరచూ వచ్చే ఫోన్ ఇది: "అన్నా, ఒకేసారి మూడు లైట్లు వెలిగాయి. బ్రేకులు పోయాయా?" నేను ముందు అడిగేది ఒక్కటే. వాటిలో ఎర్రది ఉందా? హ్యాండ్‌బ్రేకు దించాక కూడా ఎర్ర బ్రేకు లైటు ఆరకపోయినా, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతున్నా బండి పక్కకు తీసి ఆపేయండి. మెల్లగా మెకానిక్ దాకా పోనిద్దాం అనుకోవద్దు, టో ట్రక్కును పిలవండి. ఇక్కడ మాత్రం డబ్బు లెక్క చూడకండి.

అన్నీ పసుపువే అయితే అంత టెన్షన్ అక్కర్లేదు. అమెరికాలో 2012 మోడల్ నుంచి, యూరప్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లకు స్టెబిలిటీ కంట్రోల్ (బండి అదుపు తప్పి జారకుండా చూసేది) తప్పనిసరి చేశారు. కాబట్టి మీరు కొన్న బండి ఆ తర్వాతిదైతే అందులోనూ అది ఉండే ఉంటుంది. అది, ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది), బ్రేక్ అసిస్ట్ (హఠాత్తుగా తొక్కినప్పుడు బ్రేకు బలం పెంచేది) పేర్లకు వేరు గానీ ఒకే ఇంటివి; ఆ మూడు లైట్లు మామూలుగా వీటివే. ఏ చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పే నాలుగు సెన్సార్లూ వాటికి ఉమ్మడి. ఒక్క సెన్సారు తప్పు చెప్పినా కంప్యూటరు అన్నిటినీ పక్కన పెట్టేస్తుంది. మామూలు బ్రేకులు పనిచేస్తూనే ఉంటాయి. కానీ తడి రోడ్డు మీదో మంచు మీదో గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి బండి జారొచ్చు. బాగు చేయించేదాకా ముందు బండికి ఎడం పెంచండి. జారుతున్న కారు బొమ్మ మినుకుమినుకుమంటే మాత్రం అది లోపం కాదు, సిస్టమ్ పనిచేస్తోందని అర్థం.

నా మొదటి కారుకూ ఇలాగే అయింది. ఒక గ్యారేజీలో ఏబీఎస్ మాడ్యూల్ (దాన్ని నడిపే కంట్రోల్ పెట్టె) మొత్తం మార్చాలన్నారు. కారు కంప్యూటరులో లోపాన్ని చెప్పే కోడ్ ఏమొచ్చిందని అడిగితే సరిగ్గా చెప్పలేదు, తిరిగొచ్చేశాను. మర్నాడు పొద్దున గేరు లీవరు 'పి' (పార్కింగ్) నుంచి కదల్లేదు. రూమ్మేటును వెనక నిలబెట్టి బ్రేకు తొక్కాను. "వెలగట్లేదు" అన్నాడు. మళ్లీ తొక్కితే "వెలిగింది, ఆరిపోయింది" అన్నాడు. టార్చి పట్టుకుని స్టీరింగు కిందికి దూరి చూస్తే, పెడల్ పైభాగాన బొటనవేలంత ప్లాస్టిక్ స్విచ్చి ఉంది. దాన్ని వేలితో కదిపినప్పుడల్లా వెనక లైట్లు వెలుగుతూ ఆరుతున్నాయి. కాలు బ్రేకు మీద ఉందో లేదో కంప్యూటరుకు చెప్పేది ఆ స్విచ్చే. అది ఒకటి చెప్పి, బ్రేకు ఆయిల్ ఒత్తిడి ఇంకొకటి చెబితే ఈ లైట్లు వెలగొచ్చు. స్విచ్చి మార్చాక మూడూ ఆరిపోయాయి. అందుకే ఎవరు అడిగినా ముందు వెనక లైట్లు చూసుకోమంటాను. అవి వెలగకపోతే మీరు ఆపుతున్నట్టు వెనక వచ్చేవాళ్లకు తెలియదు, అది ఇంకా పెద్ద ప్రమాదం.

బ్యాటరీ మార్చిన వెంటనే లైటు వచ్చిందా? స్టీరింగు ఎటు ఉందో చెప్పే సెన్సారు తన మధ్య స్థానం మరిచిపోయి ఉంటుంది. చాలా కార్లలో స్టీరింగును ఆ చివర నుంచి ఈ చివరకు పూర్తిగా తిప్పి, కాస్త దూరం తిన్నగా నడిపితే ఆరిపోతుంది. బ్యాటరీ బలహీనపడినా, సైజు తేడా ఉన్న స్టెప్నీ వేసినా ఇవే లైట్లు రావచ్చు. బ్రేకు ఆయిల్ తగ్గితే ఊరికే పోసేయకండి, ప్యాడ్లు అరిగాయో ఎక్కడైనా కారుతోందో చూపించండి.

ఇక కోడ్ సంగతి. చవక స్కానర్లు చాలావరకు ఇంజన్ కోడ్‌లే చదువుతాయి. మీకు కావాల్సింది 'సి' అక్షరంతో మొదలయ్యే కోడ్‌లు, అంటే ఏబీఎస్ చదివే స్కానరు కావాలి. కోడ్‌లో ఎడమ ముందు చక్రం సెన్సారు అని వచ్చినా సెన్సారే పాడైందని కాదు. వైరు తెగి ఉండొచ్చు, సెన్సారు చదివే పళ్ల రింగు తుప్పు పట్టి ఉండొచ్చు, బేరింగు వదులై ఉండొచ్చు. బండి నెమ్మదిగా కదులుతుండగా నాలుగు చక్రాల వేగం స్క్రీన్ మీద చూపించమని అడగండి. మూడు 20 చూపిస్తూ ఒకటి సున్నా దగ్గరే ఉంటే, వెతకాల్సిన మూల ఏదో తెలిసిపోతుంది. ఇది చూడకుండా మాడ్యూల్ మార్చడానికి ఒప్పుకోకండి.

పాత కారు ఇంకా కొనబోతున్నవాళ్లు తాళం తిప్పగానే డాష్‌బోర్డు చూడండి. ఈ లైట్లన్నీ కొన్ని క్షణాలు వెలిగి ఆరాలి. ఏదైనా అసలు వెలగకపోతే, లోపం కనబడకుండా దాన్ని తీసేశారేమో అడగండి.