హిజాబ్ వేసుకునేవాళ్ళకి వేరే క్రీములు కావాలా?

వేడి ప్రాంతాల్లో హిజాబ్ వేసుకునేవాళ్ళ కోసమే అంటూ సీరమ్‌లు, సన్‌స్క్రీన్‌లు అమ్ముతున్నారు, అవి నిజంగా పనిచేస్తాయా, ఉత్త మార్కెటింగా అని అడిగారు. ఉత్త మార్కెటింగే. పన్నెండేళ్ళుగా గుంటూరు ఎండల్లో స్కార్ఫ్ కట్టుకుని తిరుగుతున్నదాన్ని, ఈ మాట చెప్పడానికి నాకు డిగ్రీ అక్కర్లేదు.

పోయిన మే నెలలో ఫోన్‌లో ఒక ప్రకటన కనపడింది. లేత గోధుమ రంగు హిజాబ్‌లో అమ్మాయి, వెనకాల ఎడారి, మొహం మీద చెమట చుక్క లేదు. హలాల్ ముద్ర, పైగా 'హిజాబ్ కింద కూడా చర్మం ఊపిరి పీల్చుకుంటుంది' అని రాత. చర్మానికి ముక్కు ఎక్కడిదో మరి. అయినా 1,299 రూపాయలు పోసి సెట్టు తెప్పించాను.

బాబాయి కూతురి నిఖాకి నరసరావుపేట వెళ్తూ ఆ సన్‌స్క్రీన్ బాగా దట్టంగా పట్టించాను. పల్లెవెలుగు బస్సు, మధ్యాహ్నం వేళ. పేరేచర్ల దాటేసరికి కారడం మొదలైంది, కళ్ళలోకి దిగి ఒకటే మంట, నల్ల స్కార్ఫ్ అంచు పొడుగునా తెల్లటి చారలు. దిగగానే మా మేనత్త అందరి ముందూ "ఏమే, మొహానికి సున్నం కొట్టించుకొచ్చావా?" అంది. మూడో రోజుకి దవడ వెంబడి, సరిగ్గా గుడ్డ రాసుకునే చోట వరసగా మొటిమలు, గడ్డం కింద పిన్ను దగ్గర చెమటకాయలు.

డాక్టరమ్మ క్రీము డబ్బా వైపు చూడనేలేదు. నా స్కార్ఫ్ కొసని వేళ్ళ మధ్య నలిపి "పాలిస్టరేగా ఇది, రోజూ ఉతుకుతావా?" అంది. ఉతకను. తలస్నానం చేసి తడి జుట్టు మీదే కట్టేస్తాను, అదీ ఒప్పుకున్నాను. మాది నూర్‌బాషా ఇల్లు, మా తాత ఊరూరా తిరిగి దూది ఏకినవాడు, ఆయన మనవరాలినై ఉండి పాలిస్టర్ చుట్టుకుని తిరిగాను చూడండి! మెత్తటి నూలు స్కార్ఫ్‌లు నాలుగు కొన్నాను, లోపలి టోపీ కూడా నూలుదే, ఏ రోజుది ఆ రోజు ఉతుకుతాను. మూడు వారాల్లో తగ్గిపోయింది.

హిజాబ్‌లో మొహం బయటే ఉంటుంది కదండీ, అందరికీ తగిలే ఎండే మాకూ తగులుతుంది. డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివితే ఆ కంపెనీ మామూలు సీరమ్‌లో ఉన్నవే, అదే వరసలో ఉన్నాయి, ధర మాత్రం 200 ఎక్కువ. హలాల్ అంటే పంది కొవ్వు లాంటివి లేవని, మంచిదే, నేనూ చూసే కొంటాను, కానీ దానికీ చెమటకీ ఏంటి సంబంధం? సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలంటారు, జొహర్‌కి, అంటే మధ్యాహ్నం నమాజుకి ముందు, వుజూ చేసి మొహం, చేతులు, కాళ్ళు కడుక్కుంటే ఎలాగూ చాలావరకు పోతుంది, సరే మళ్ళీ రాసుకుందామంటే బస్టాండ్లలో ఆడవాళ్ళు స్కార్ఫ్ తీసి మొహం కడుక్కునే మరుగేదీ? ఒక కుళాయి, ఒక తెర, అంతే కదా అడుగుతున్నది.

ఆ సీరమ్ సీసా ఇంకా సగం ఉంది. మా తమ్ముడు గడ్డం గీసుకున్నాక రాసుకుంటున్నాడు, వాడికి బాగానే పనిచేస్తోందట.