ఆర్గానిక్ పేపర్ పోయింది, సార్ క్లాసులో నాయన పని ఎత్తి అన్నారు, ఇప్పుడు కంప్లెయింట్ మీద సంతకం పెట్టాలా?

అక్కా, మాది ధర్మవరం. నాయన మగ్గం నేస్తాడు, అమ్మ కండెలు చుడుతుంది. నేను అనంతపురంలో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఫస్ట్ ఇయర్ చదువుతున్నా. ఫస్ట్ సెమ్‌లో ఫిజికల్, ఇనార్గానిక్ అన్నీ పాస్ అయినా కానీ ఆర్గానిక్ పోయింది, క్లాసులో సగం మందికి పోయింది. సార్ బోర్డు మీద బాగా చెప్తారు, టైంకి వస్తారు, కానీ పరీక్షలో నోట్స్‌లో ఉండే రియాక్షన్ ఒక్కటీ రాదు, అన్నీ ఎప్పుడూ చూడని కాంపౌండ్లే. క్వశ్చన్ పేపరూ, నేను ఏం రాసినానో గుర్తున్నంతవరకూ ఫోటో పెడుతున్నా. ఒకసారి డౌట్ అడిగితే ఇంగ్లీషు తడబడి తెలుగులోకి వచ్చేసినా, 'మగ్గం గుంతలో కూర్చోవాల్సినోళ్ళు మెకానిజమ్స్‌కి వస్తే ఇట్లే ఉంటాది' అన్నారు, అందరూ నవ్వినారు. అప్పటినుంచి అడగడం మానేసినా. ఇప్పుడు క్లాస్ వాళ్ళు పేపర్ మరీ టఫ్‌గా ఇస్తున్నారు, సార్‌ని మార్చండి అని లెటర్ రాసి సంతకాలు చేయిస్తున్నారు. పెడితే ప్రాక్టికల్స్‌లో మార్కులు కోస్తారేమో అని భయం, పెట్టకపోతే ఫ్రెండ్స్ మాట్లాడరు. ఇంట్లో రిజల్ట్ ఇంకా రాలేదని చెప్పినా. నాయన షావుకారు దగ్గర అప్పు చేసి మెస్ బిల్లు కడుతున్నాడు. అమ్మ హిందూపురం సంబంధం చూసిపెట్టింది, ఫెయిల్ అంటే చదువు ఆపేస్తారు. రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. ఏం చేయాలి అక్కా?

పాపా, నువ్వు రాసిందాంట్లో మార్కుల గోలే జాస్తి ఉంది, సార్ అన్న మాట మధ్యలో ఒక్క లైన్లో చెప్పి దాటేసినావు, నేను మాత్రం అక్కడే ఆగిపోయినా. డౌట్ అడిగిన పిల్లని నలుగురిలో వాళ్ళ నాయన చేసే పని ఎత్తి అనడం తప్పు, ఎంత పేరున్న ప్రొఫెసర్ అయినా తప్పే, బోర్డు మీద ఎంత బాగా చెప్పినా తప్పే. సీనియర్లు ఏమంటారో నాకు తెలుసు, సార్ అట్లే అంటుంటారులే మనసులో ఏం ఉండదులే అంటారు, ఆ మాట చెవిన పెట్టద్దు. ఆయన మనసులో ఏముందో మనకెందుకు, ఆ మాట పడినాక నువ్వు నోరు తెరవడం మానేసినావు, జరిగిన నష్టం అది.

కానీ పేపర్ కష్టంగా ఇవ్వడం వేరే సంగతి. ఈ రెండూ ఒక మూటలో కట్టద్దు, మీ క్లాస్ వాళ్ళ లెటర్ చేస్తున్న పని అదే, నా సలహా అంతా ఈ రెంటినీ విడదీయడం గురించే.

నువ్వు పెట్టిన ఫోటోలు నాకు తెలిసిన రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్ మేడమ్‌కి చూపించినా. ఆమె చెప్పింది నీకు కొంచెం చేదుగా ఉండచ్చు, పేపర్ కష్టమే కానీ అన్యాయం కాదు అనింది. ఒక క్వశ్చన్ తీసుకుని నాకు వివరంగా చెప్పింది, నీకూ చెప్తా. మీ నోట్స్‌లో 3-మిథైల్ బ్యూటన్-2-ఆల్‌కి హెచ్‌బీఆర్, అంటే హైడ్రోజన్ బ్రోమైడ్ కలిపితే ఏం వస్తుందో ఉంది, బ్రోమిన్ ఓహెచ్ ఉన్న కార్బన్ మీదికి కాకుండా పక్క కార్బన్ మీదికి పోయి 2-బ్రోమో-2-మిథైల్ బ్యూటేన్ అవుతుంది, ఎందుకంటే నీరు ఊడిపోయినాక మిగిలే సెకండరీ కార్బోకాటయాన్ (పాజిటివ్ చార్జ్ ఉన్న కార్బన్, దానికి రెండు కార్బన్లే తోడు) కంటే పక్కనుంచి ఒక హైడ్రైడ్, అంటే ఎలక్ట్రాన్ల జతతో సహా ఒక హైడ్రోజన్ జరిగితే వచ్చే టెర్షియరీ కార్బోకాటయాన్ (దానికి మూడు కార్బన్లు తోడు) ఎక్కువ నిలకడగా ఉంటుంది కాబట్టి. ఇది నీకు కంఠతా వచ్చు. పరీక్షలో సార్ ఏం చేసినారంటే అదే పనిని సైక్లోబ్యూటేన్ రింగు పక్కన పెట్టినారు, 1-సైక్లోబ్యూటైల్ ఎథనాల్. నువ్వు ఓహెచ్ తీసేసి అక్కడ బీఆర్ పెట్టి వచ్చేసినావు. నాలుగు కార్బన్ల రింగులో కోణాలు 90 డిగ్రీల దగ్గర ఉంటాయి, సింగిల్ బాండ్లతో ఉండే కార్బన్‌కి కుదిరేది 109.5, అంటే ఆ రింగు ఇరుకులో ఉంది, పక్కన పాజిటివ్ చార్జ్ రాగానే రింగులోని ఒక బాండ్ అటు జరిగి ఐదు కార్బన్ల రింగు అయిపోతుంది, ఆ తర్వాత నీకు తెలిసిన ఆ హైడ్రైడ్ మళ్ళీ జరుగుతుంది, చివరికి వచ్చేది 1-బ్రోమో-1-మిథైల్ సైక్లోపెంటేన్. మేడమ్ అన్న మాట ఏంటంటే, ఈ పాపకి హైడ్రైడ్ జరుగుతుందని తెలుసు, ఎందుకు జరుగుతుందని ఎప్పుడూ అడిగినట్టు లేదు అని. నేను అనుకున్నా, అడగనిచ్చినారా అసలు.

చూసినావా, అందుకే ఆ మాటని చిన్నదిగా తీసుకోవద్దంటున్నా, ఆర్గానిక్‌లో అడగకుండా గట్టెక్కడం కష్టం. టవర్ క్లాక్ దగ్గర జెరాక్స్ షాపుల్లో దొరికే ఇంపార్టెంట్ క్వశ్చన్స్ బట్టీ కొట్టి డిగ్రీలో నెట్టుకొచ్చి ఉంటావు, చాలామంది అట్లే వస్తారు, ఇట్లాంటి పేపర్‌కి మాత్రం అది సరిపోదు. మేడమ్ చెప్పిన పద్ధతి ఏమంటే నోట్స్ మూసేసి తెల్లకాగితం మీద మెకానిజమ్, అంటే రియాక్షన్ ఒక్కో మెట్టు ఎట్లా జరుగుతుందో బాణాలతో చూపించే బొమ్మ, మొదటినుంచి గీయాలి, ప్రతి బాణం దగ్గర ఆగి ఇక్కడ ఎలక్ట్రాన్లు ఎవరి దగ్గర ఉన్నాయి ఎవరికి కావాలి అని పైకి చెప్పుకోవాలి, తెలుగులోనే చెప్పుకో ఏం పర్వాలేదు. నీ జవాబుల్లో రెండుచోట్ల హెచ్ ప్లస్ నుంచి బాణం మొదలుపెట్టినావంట, దాని దగ్గర ఎలక్ట్రాన్లే లేవు కదా అక్కడినుంచి ఎట్లా బయల్దేరుతుంది, బాణం ఆక్సిజన్ మీదుండే ఒంటరి ఎలక్ట్రాన్ల జతనుంచి హెచ్ ప్లస్ వైపుకి పోవాలి. ఈ ఒక్కటి సరిచేసుకుంటే సగం మెకానిజమ్స్ దారిలో పడతాయి అనింది. ఇంకొకటి నాకు బాగా నచ్చింది, ఆర్గానిక్‌లో ఇంగ్లీషు తక్కువ బొమ్మలు ఎక్కువ, తెలుగు మీడియం పిల్లలు భయపడాల్సిన పేపర్ ఇది కానే కాదు అని. నీ రూంలోనే ఆర్గానిక్ పోయినోళ్ళు ఇంకా ఉండే ఉంటారు, అందరూ కూర్చుని ఒకరు గీస్తుంటే ఇంకొకరు ఎందుకు ఎందుకు అని అడగండి.

ఇంక సంతకం సంగతి. 2022లో అమెరికాలో న్యూయార్క్ యూనివర్సిటీలో అచ్చం ఇట్లాంటిదే జరిగింది. మెయిట్‌లాండ్ జోన్స్ అని ఆర్గానిక్ కెమిస్ట్రీ ప్రొఫెసర్, అప్పటికి 84 ఏళ్ళు, అంతకుముందు ప్రిన్స్‌టన్‌లో ఎన్నో ఏళ్ళు చెప్పినాయన, ఈ సబ్జెక్టుకి పెద్ద పుస్తకం రాసినాయన. ఆయన క్లాసులో 350 మంది ఉంటే 82 మంది కోర్సు మరీ కష్టంగా ఉంది, మార్కులు మరీ తక్కువ వస్తున్నాయి అని సంతకాలు పెట్టి ఇచ్చినారు. ఆయన్ని తీసేయమని ఆ పిల్లలు అడగలేదు కూడా, కానీ యూనివర్సిటీ ఆయన కాంట్రాక్టు ఆపేసింది. ఆయనేమో పిల్లలు క్వశ్చన్ కూడా సరిగా చదవట్లేదు, కోవిడ్ తర్వాత ఇంకా అధ్వానం అయింది అన్నారు. పిల్లల్ని చులకనగా చూస్తారు, అడిగితే సరిగా పలకరు అని కూడా కంప్లెయింట్లు ఉన్నాయని యూనివర్సిటీ చెప్పింది, కానీ బయట లోకం అంతా ఏం మాట్లాడుకుంది, ఈ కాలం పిల్లలకి కష్టం పనికిరాదు, సుఖం మరిగినారు అని. చులకన సంగతి ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. మీ లెటర్‌కి కూడా అదే గతి పడుతుందని నా భయం, పేపర్ టఫ్ అని రాస్తే హెచ్ఓడీ, అంటే డిపార్ట్‌మెంట్ హెడ్, చదవడం కూడా పూర్తి చేయకుండా 'బాగా చదువుకోండి' అని పంపించేస్తారు, దాని కింద నీకు జరిగింది పూడిపోతుంది.

అందుకే ఆ లెటర్ మీద ఇప్పుడున్నట్టుగా సంతకం పెట్టద్దు. ఫ్రెండ్స్ అలుగుతారని కదా, మొహం చాటేయకుండా కూర్చోబెట్టి చెప్పు, సార్‌ని మార్చండి అనేది తీసేసి మాకు ఇవి కావాలి అని రాద్దాం అని. కొత్తరకం క్వశ్చన్లు వారానికొకసారి క్లాసులో చేయించాలి, ఇంటర్నల్ పేపర్లు దిద్ది మా చేతికి ఇచ్చి ఎక్కడ తప్పు పోయిందో చెప్పాలి, తెలుగులో డౌట్ అడిగినా జవాబు చెప్పాలి. ఇట్లా రాస్తే నువ్వూ పెట్టు, మనస్ఫూర్తిగా పెట్టు. బోర్డు మీద అంత బాగా చెప్పే మనిషిని పోగొట్టుకుంటే మీకే నష్టం, ఆయన చదువు మీకు కావాలి, ఆయన నోరు అదుపులో ఉండాలి, అంతే కదా కావాల్సింది.

ఆ మాట గురించి మాత్రం విడిగా, నీ పేరుతో, నువ్వే రాయాలి. యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ 2023లో విద్యార్థుల ఫిర్యాదుల మీద రూల్స్ తెచ్చింది, వాటి ప్రకారం ప్రతి యూనివర్సిటీలో ఫిర్యాదులు వినే గ్రీవెన్స్ కమిటీ ఉండాలి, దాంట్లో ఒక్కరైనా ఆడమనిషి ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీల నుంచి ఒక్కరైనా ఉండాలి, వీలైనంతవరకు 15 పనిదినాల్లో రిపోర్టు ఇవ్వాలి, అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే అంబుడ్స్‌పర్సన్, అంటే కమిటీ మీద అప్పీలు వినే మనిషి, దగ్గరికి పోవచ్చు. ఇదే రూల్స్‌లో ఇంకో మాట కూడా ఉంది, మార్కులు మళ్ళీ వేయండి అని ఊరికే పోతే అంబుడ్స్‌పర్సన్ తీసుకోరు, ఫలితం తారుమారయ్యేంత అవకతవక జరిగిందనో వివక్ష జరిగిందనో ఫలానా చోట అని చూపించాలి. నేను రెండూ విడదీయమంటున్నది దీనికోసం కూడా. లెటర్లో ఏ తేదీ, ఏ పీరియడ్, నువ్వు ఏం అడిగినావు, సార్ ఏం అన్నారు, ఆ రోజు ఎవరెవరు ఉన్నారు, ఇంతే రాయి, తిట్లు వద్దు, మార్కుల ఊసు అస్సలు వద్దు. ఆ రోజు నవ్వినోళ్ళలో ఒకరిద్దరికి ఇప్పుడు సిగ్గుగా ఉండే ఉంటుంది, అవును ఆ మాట అన్నారు అని చెప్తారా అని అడుగు. లెటర్ ఇచ్చినప్పుడు రెండో కాపీ మీద అందినట్టు ఇన్‌వర్డ్ స్టాంపు వేయించుకో. ప్రాక్టికల్స్ భయం ఉంది కదా, అది ఉత్తి భయం అని నేను అనను, అట్లా జరిగే చోట్లు ఉన్నాయి, అందుకే ల్యాబ్ ఒక్కటి కూడా మిస్ కావద్దు, రికార్డు ఎప్పటికప్పుడు సంతకం చేయించుకుని ఫోటో తీసిపెట్టుకో. రాయడానికి ఇంకా ధైర్యం చాలకపోతే ముందు మీ డిపార్ట్‌మెంట్లో ఎవరైనా లేడీ లెక్చరర్‌కి నోటితో చెప్పు, కొన్నాళ్ళు ఆగి రాసినా తప్పులేదు, నీకు ఎప్పుడు కాళ్ళు నిలబడితే అప్పుడు.

ఇంట్లో మాత్రం ఆలస్యం వద్దు. రిజల్ట్ రాలేదన్న అబద్ధం రోజూ నిన్ను తింటోంది, నిద్ర పట్టకపోవడానికి సగం కారణం అదే అని నాకనిపిస్తోంది. ధర్మవరంలో మీ వీధిలోనే ఇంకో పాప ఇక్కడ చదువుతుంటే చాలు, రిజల్ట్ వచ్చిందంటనే అని ఎవరో ఒకరు మీ అమ్మతో అనేస్తారు, అప్పుడు మార్కుల కంటే నువ్వు దాచినావనేదే పెద్దది అవుతుంది. ఫోన్లో చెప్పద్దు, ఈ ఆదివారం ఊరికి పో. నాయన మగ్గం దిగి, అన్నం తిని, మంచం మీద కూర్చున్నాక చెప్పు. 'నాయనా, రిజల్ట్ వచ్చింది, నీకు చెప్పడానికి భయపడినా, ఆర్గానిక్ ఒక్కటి పోయింది, మిగతావన్నీ పాస్, దాన్ని మళ్ళీ రాస్తా, ఎట్లా చదవాలో ఇప్పుడు తెలిసింది' అని, ఏడుపు వస్తే ఏడువు కానీ మాట మింగద్దు. ఫీజు ఎంత కట్టాలో ముందే కనుక్కుని పో, షావుకారు దగ్గర తెచ్చి కడుతున్న మనిషికి ఎంత అవుతుందో అనే గుబులే ముందు ఉంటుంది, లెక్క తెలిస్తే కొంచెం కుదుటపడతాడు. సార్ అన్న మాట నాయనకి చెప్పాలా వద్దా అనేది నీ ఇష్టం, అది విని ఆయన ఎంత నొచ్చుకుంటాడో నీకే తెలుసు, ఒకటి మాత్రం గట్టిగా పట్టుకో, దాంట్లో నువ్వు గానీ ఆయన గానీ తల దించుకోవాల్సింది ఏమీ లేదు.

అమ్మతో సంబంధం గురించి పోట్లాడద్దు. వద్దు అంటే గొడవ, సెకండ్ ఇయర్ పరీక్షలు అయినాక మాట్లాడదాం అంటే అమ్మకి హిందూపురం వాళ్ళకి చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుంది. ఎమ్మెస్సీ చేతికొస్తే హైదరాబాద్‌లో జీడిమెట్ల, పాశమైలారం వైపు ఫార్మా కంపెనీల్లో ఆర్గానిక్ చదివినోళ్ళకి పని ఉంటుందని చెప్పు, నీకు తెలిసిన సీనియర్ అక్క ఎవరైనా అక్కడ ఉంటే ఆమెతోనే అమ్మకి ఫోన్ చేయించు, నువ్వు పదిసార్లు చెప్పిన దానికంటే అది పనిచేస్తుంది.

నిద్ర పట్టకపోవడం ఇట్లాగే ఉన్నా, తిండి సహించకపోయినా, ఇంక నా వల్ల కాదు అనే ఆలోచనలు వచ్చినా ఒక్కదానివే పెట్టుకోవద్దు, రూమ్మేట్‌కి చెప్పు, 14416 టెలిమానస్‌కి ఫోన్ చెయ్యి, గవర్నమెంటు నడిపేది, ఫ్రీ, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడతారు. నాకు కూడా రాయి.

రేపు పొద్దున చేయాల్సింది ఒకటుంది. ఎగ్జామ్ సెక్షన్‌కి పోయి రీవాల్యుయేషన్‌కి చివరి తేదీ ఎప్పుడో, ఆన్సర్ స్క్రిప్ట్ ఫోటోకాపీ ఇస్తారా అడుగు, ఇవ్వం అంటే ఆర్టీఐ కింద పెట్టచ్చు, రాసిన విద్యార్థికి తన దిద్దిన పేపర్ చూసుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. పేపర్ చేతికి వచ్చినాక నాకు ఫోటోలు పంపు, ఆ సైక్లోబ్యూటేన్ క్వశ్చన్‌కి నీకు ఎన్ని వేసినారో మేడమ్ చూడాలంటోంది. ఒకటో రెండో స్టెప్పులు కరెక్టుగా ఉండి సున్నా వేసి ఉంటే అప్పుడు రీవాల్యుయేషన్‌కి డబ్బులు కడదాం, లేకపోతే ఆ డబ్బు సప్లీ ఫీజుకి దాచుకో.