కాఫీ డబ్బాలో చికోరీ: లేబుల్ మీది అంకెలు, కొన్నవారి హక్కులు

ప్రశ్న: మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లెటూరు. పాలకొల్లులో ఒక దుకాణంలో ఇన్‌స్టంట్ కాఫీ పొడి డబ్బాలు రెండు కొన్నాము. బిల్లు ఉంది. డబ్బా ముందువైపు కాఫీ గింజల బొమ్మతో పాటు ‘షుగర్ ఫ్రీ’, ‘పీచు అధికం’, ‘మధుమేహాన్ని అదుపులో ఉంచుతుంది’ అని పెద్ద అక్షరాలతో ఉంది. మా మామగారికి షుగర్ ఉంది కనుక ఆయనకు పనికొస్తుందని తెచ్చాము. ఇంటికి వచ్చి చూస్తే వెనుకవైపు చిన్న అక్షరాలతో కాఫీ 53 శాతం, చికోరీ 47 శాతం అని రాసి ఉంది. పోషక విలువల పట్టికలో 100 గ్రాములకు మొత్తం చక్కెరలు 8 గ్రాములు, అదనంగా కలిపిన చక్కెరలు సున్నా, పీచు పదార్థం 4 గ్రాములు అని ఉంది. నెల తిరిగేసరికి మామగారికి షుగర్ పెరిగింది. ఈ పొడినే మా వారు ఒంటరిగా నడుపుకునే చిన్న కాఫీ కొట్టులో కూడా వాడాము. చికోరీ కలపడం కల్తీ కాదా? కంపెనీ మీద కేసు వేసి నష్టపరిహారం పొందవచ్చా? ఏ జిల్లాలో వేయాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మూడు వేర్వేరు ఫిర్యాదులు కలిసిపోయి ఉన్నాయి. వాటిలో ఒకటి చట్టం ముందు నిలవదు, ఒకటి బలంగా నిలుస్తుంది, మూడోది వేస్తే బలంగా ఉన్నదాన్ని కూడా దెబ్బతీస్తుంది. కాబట్టి వాటిని విడదీసి చెబుతాను.

నిలవనిది కల్తీ ఆరోపణ. మన దేశంలో కాఫీ–చికోరీ మిశ్రమం చట్టం గుర్తించిన సరుకే. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 కింద 2011లో వచ్చిన ఆహార ఉత్పత్తుల ప్రమాణాల నిబంధనల ప్రకారం ఆ మిశ్రమంలో కాఫీ బరువులో 51 శాతానికి తగ్గకూడదు. మీ డబ్బా మీద 53 శాతం అని ఉంది కనుక, ఆ అంకె నిజమైనంత వరకు, చికోరీ ఉండటమే నేరం కాదు. అయితే ఆ మిశ్రమాన్ని మిశ్రమంగానే అమ్మాలి. అది కాఫీ, చికోరీల కలయిక అని, ఏది ఎంత శాతమో లేబుల్ మీద ప్రకటించడం తప్పనిసరి. పైగా 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం ఆహార పదార్థం పేరు డబ్బా ముందుభాగంలోనే ఉండాలి. మీ డబ్బా ముందువైపు ఎక్కడా ‘కాఫీ–చికోరీ మిశ్రమం’ అన్న పేరు లేకుండా ఒట్టి ‘ఇన్‌స్టంట్ కాఫీ’ అని మాత్రమే ఉంటే, వెనుక చిన్న అక్షరాలతో శాతాలు వేసినంత మాత్రాన తయారీదారు బాధ్యత తీరిపోదు. తప్పుదారి పట్టించే లేబుల్ ఉన్న సరుకును చట్టం ‘మిస్‌బ్రాండెడ్’ ఆహారంగా పరిగణిస్తుంది. ఆ డబ్బాను మరోసారి చేతిలోకి తీసుకుని ముందుభాగం మీది ప్రతి అక్షరం చదవండి.

బలంగా నిలిచేది ముందువైపు ఉన్న మూడు వాక్యాల మీది ఫిర్యాదు. ఇందులో మీకు దొరికిన సౌలభ్యం ఏమిటంటే, వాటిలో రెండు వాక్యాలను అబద్ధమని చూపడానికి ప్రయోగశాల నివేదిక కూడా అక్కర్లేదు, ఆ డబ్బా వెనుకభాగమే సాక్ష్యం. ప్రకటనలు, క్లెయిముల మీద 2018లో వచ్చిన నిబంధనల ప్రకారం ‘షుగర్ ఫ్రీ’ అని రాయాలంటే 100 గ్రాములలో చక్కెరలు అర గ్రాము మించకూడదు. మీ పట్టికలో 8 గ్రాములు ఉన్నాయి. ‘పీచు అధికం’ అనాలంటే 100 గ్రాములకు కనీసం 6 గ్రాములుండాలి, 3 గ్రాములుంటే ‘పీచు లభిస్తుంది’ అన్న చిన్న మాట మాత్రమే వాడుకోవచ్చు. మీ పట్టికలో ఉన్నది 4. కేలరీల లెక్కన కొలిచే మరో పద్ధతి కూడా ఆ నిబంధనల్లో ఉన్నా, 4 గ్రాముల పీచుతో ఇటువంటి పొడి ఆ లెక్కలోనూ నెగ్గదు. ఇక మధుమేహాన్ని అదుపులో ఉంచుతుందన్న మాట, రోగాన్ని నివారిస్తుందని గానీ తగ్గిస్తుందని గానీ సాధారణ ఆహారం మీద రాయరాదన్న నిషేధానికి నేరుగా విరుద్ధం. షుగర్ జబ్బుతో బతికే పెద్దవారిని ఉద్దేశించి ఇటువంటి మాట అచ్చు వేయడం నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా పెద్ద తప్పు. దాన్ని నమ్మి మందు మోతాదు తగ్గించుకునేవారు మన ఊళ్లలో ఉంటారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ‘మొత్తం చక్కెరలు 8, కలిపినవి సున్నా’ అన్న రెండు అంకెలు ఒకదాన్నొకటి కాదనవు. చికోరీ అంటే ఒక మొక్క వేరు. దాన్ని ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. ఆ వేరులో ఇనులిన్ అనే పీచు పదార్థం ఎక్కువగా ఉంటుంది. వేయించేటప్పుడు అందులో కొంత విడిపోయి చక్కెరలుగా మారుతుంది, మిశ్రమానికి వచ్చే ముదురు రంగు, లేత తీపి చాలావరకు అందువల్లనే. కనుక పంచదార కలపకపోయినా పొడిలో చక్కెర ఉంటుంది. ఆ డబ్బా మీద ‘పంచదార కలపలేదు’ అని మాత్రమే రాసి ఉంటే నేను మీకు ఈ సలహా ఇచ్చేవాణ్ణి కాను. వారు రాసింది ‘షుగర్ ఫ్రీ’ అని.

కంపెనీ తరఫు న్యాయవాది, కప్పులో కలిపాక చక్కెర లెక్కలోకి రానంత తక్కువని వాదించవచ్చు. దానికి మీ జవాబు, అమ్మింది పొడిని, పట్టిక వేసింది పొడికి, వాక్యం రాసింది పొడి డబ్బా మీద అన్నదే. కానీ ఆ వాదనలో ఉన్న నిజాన్ని మీరు మరోచోట ఒప్పుకోవాలి. అదే వేయకూడదని నేను చెప్పే మూడో ఫిర్యాదు.

మామగారికి షుగర్ పెరగడానికి ఈ పొడే కారణమని వేయకండి. ఒక కప్పుకు వేసే పొడి సుమారు 2 గ్రాములు. మీ పట్టిక ప్రకారమే అందులో చక్కెర 0.16 గ్రాము. ఇటువంటి పొడి 100 గ్రాములకు దాదాపు 350 కేలరీలు ఇస్తుంది గనుక చెంచాకు వచ్చేది 7 కేలరీలు. అదే కప్పులో పోసే 100 మిల్లీలీటర్ల గేదె పాలలో సహజంగా ఉండే చక్కెరే సుమారు 5 గ్రాములు, ఒక చెంచా పంచదార వేస్తే 20 కేలరీలు అదనం. ఈ లెక్క కంపెనీ న్యాయవాది వినియోగదారుల కమిషన్ ముందు వేసి చూపిన రోజున, పొడి వల్ల షుగర్ పెరిగిందన్న మీ మాటతో పాటు మీ మిగతా మాటల మీద కూడా నమ్మకం సడలుతుంది. ఆహార భద్రత చట్టంలో 65వ సెక్షన్ కింద, ఆహారం వల్ల హాని జరిగినవారికి పరిహారం ఇప్పించే వీలుంది, వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో ఉత్పత్తి బాధ్యత (సరుకు లోపం వల్ల హాని జరిగితే తయారీదారు, అమ్మకందారు జవాబుదారులు కావడం) అనే అధ్యాయం కూడా ఉంది. రెండింటికీ ఆ పొడికీ జరిగిన హానికీ సంబంధం రుజువు కావాలి. మామగారి విషయంలో అది కష్టం. అయితే డబ్బా మీది మాట నమ్మి ఆయన మందు మానేసి ఉంటే, లేదా పథ్యం వదిలేసి ఉంటే, వైద్యుడి చీటీలతో సహా ఆ సంగతి నాకు విడిగా రాయండి, అప్పుడు ఆలోచించవలసిన తీరు మారుతుంది. ఏమైనా ముందు ఆయనను వైద్యుడికి చూపించండి.

మంచి పక్షం కూడా చెప్పాలి. చికోరీలో కెఫీన్ ఉండదు. ఒట్టి ఇన్‌స్టంట్ కాఫీలో కెఫీన్ 2.8 శాతానికి తగ్గకూడదని ప్రమాణం. ఆ కనీస లెక్కన 2 గ్రాముల ఒట్టి కాఫీ పొడిలో 56 మిల్లీగ్రాములు ఉంటే, మీ 53 శాతం మిశ్రమంలో 30 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పెద్దవారికి నిద్ర పట్టని ఇబ్బంది ఉంటే ఇది మేలే కావచ్చు. కానీ కాఫీ ధర పెట్టి కొన్నవారికి ఎంత కాఫీ దొరికిందో తెలుసుకునే హక్కు ఉంది, శాతాల ప్రకటన అందుకోసమే.

ఆ 53 అన్న అంకె మీదనే మీకు అనుమానం ఉంటే పరీక్ష చేయించవచ్చు. నీళ్ల మీద పొడి చల్లితే కాఫీ తేలుతుంది, చికోరీ రంగు వదులుతూ మునుగుతుంది అన్న ఇంటి పరీక్ష ఫిల్టర్ కాఫీ పొడికి పనికొస్తుంది గానీ, మొత్తం కరిగిపోయే ఇన్‌స్టంట్ పొడికి పనికిరాదు. దాని ఫలితం పట్టుకుని దుకాణదారుతో గొడవ పడకండి. ఆహార భద్రత చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం, కొనుగోలుదారు ఎవరైనా రుసుము చెల్లించి ఆహార విశ్లేషకుడి చేత సరుకును పరీక్ష చేయించుకోవచ్చు, లోపం తేలితే ఆ రుసుము తిరిగి పొందవచ్చు. అయితే పరీక్ష చేయించే ఉద్దేశం ఉందని కొనేటప్పుడే అమ్మేవారికి తెలియజేయాలన్న షరతు ఉంది. మీరు కొన్న డబ్బాలకు ఆ అవకాశం దాటిపోయింది. ఇంకొక డబ్బా కొంటూ, ఆ మాట కాగితం మీద రాసి ఇచ్చి, నకలు మీద దుకాణదారు సంతకం తీసుకోండి. లేదా ఆహార భద్రతా అధికారికి ఫిర్యాదు ఇస్తే, ఆయనే నమూనా తీసి, నాలుగు భాగాలు చేసి, సీలు వేసి పంపుతారు. అధికారి పంపిన నమూనా మీద విశ్లేషకుడు 14 రోజులలో నివేదిక ఇవ్వాలి. మీ దగ్గర విప్పని డబ్బా మిగిలి ఉంటే దాన్ని విప్పకండి. వినియోగదారుల కమిషన్ కావాలనుకుంటే వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద తానే ప్రయోగశాలకు పంపుతుంది.

ఎక్కడ వేయాలన్న ప్రశ్న మీ ప్రాంతంలో నిజంగా చిక్కు తెచ్చేదే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారిన తర్వాత మీ ఊరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో, చించినాడ వంతెన అవతల ఉన్న పాలకొల్లు పశ్చిమ గోదావరి జిల్లాలో ఉన్నాయి. ఆహార భద్రత ఫిర్యాదు దుకాణం ఉన్న చోటును బట్టి నడుస్తుంది కాబట్టి అది పశ్చిమ గోదావరి అధికారికి ఇవ్వాలి. మిస్‌బ్రాండింగ్‌కు 52వ సెక్షన్ కింద మూడు లక్షల రూపాయల వరకు, తప్పుదారి పట్టించే ప్రకటనకు 53వ సెక్షన్ కింద పది లక్షల వరకు జరిమానా ఉంది. ఈ చట్టంలో ప్రకటన అన్న నిర్వచనంలో లేబుల్, చుట్టిన కాగితం కూడా ఉన్నాయి, కనుక టీవీలో రాలేదన్న సాకు చెల్లదు. ఇటువంటి కేసులను జాయింట్ కలెక్టర్ హోదా గల అధికారి విచారించి తేలుస్తారు. కానీ ఆ జరిమానా ప్రభుత్వానికి వెళుతుంది, మీకు రాదు.

మీకు డబ్బు తిరిగి రావాలన్నా, పరిహారం కావాలన్నా, ఆ మాటలు లేబుల్ మీద నుంచి తీసివేయించే ఉత్తర్వు కావాలన్నా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోటును బట్టి కూడా కేసు వేయవచ్చు కనుక, పాలకొల్లుకో, కంపెనీ ఉన్న ఊరికో తిరగనక్కర్లేదు. మీ మండలం మీద అధికారం ఉన్న కమిషన్‌లో వేయండి, ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయవచ్చు. సరుకు విలువ ఐదు లక్షల లోపు కాబట్టి రుసుము లేదు. ముందుగా కంపెనీకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరులో కూడా ఫిర్యాదు నమోదు చేయించండి. ఈ దశలోనే డబ్బు తిరిగి ఇచ్చి రాజీకి వచ్చే సంస్థలు ఉంటాయి. కేసులో దుకాణదారును కూడా చేర్చాలి గానీ, మీ పోరు తయారీదారుతో. మూసి ఉన్న డబ్బాను వచ్చినది వచ్చినట్టు అమ్మిన చిన్న వ్యాపారి మీద మోసం ఆరోపణ చేయకండి.

మీ వారి కొట్టు సంగతి. వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారన్న అభ్యంతరం తప్పక వస్తుంది. అయితే స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే కొన్న సరుకును వాణిజ్య ప్రయోజనంగా చూడకూడదని చట్టమే వివరణ ఇచ్చింది. సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో దీనిని విపులంగా చర్చించింది. మీ వారు స్వయంగా నడుపుకునే కొట్టు గనుక ఆ వివరణ వర్తించే అవకాశం ఉంది. అయినా ఇంటికి కొన్న డబ్బాల మీదనే, బిల్లు ఎవరి పేరున ఉంటే వారి చేత కేసు వేయించడం క్షేమం. కొట్టులో ఆ పొడితో కలిపిన కాఫీని ‘షుగర్ పేషెంట్లకు మంచిది’ అని బోర్డు రాసి ఉంటే ఈ రోజే తీసివేయించండి. కంపెనీ మాటను మీరు మళ్లీ రాస్తే దానికి మీరూ జవాబుదారులవుతారు.

ఇంకొక చిన్న విషయం. రెండు రూపాయల చిన్న పొట్లాల మీద పోషక విలువల పట్టిక లేదని కొందరు అడుగుతుంటారు. 100 చదరపు సెంటీమీటర్లు మించని పొట్లాల మీద ఆ పట్టిక లేకపోయినా చట్టం ఒప్పుకుంటుంది, అవి వచ్చే పెద్ద ప్యాకెట్ మీద ఉంటే చాలు. పట్టిక నుంచి పూర్తిగా మినహాయింపు పొందిన సరుకుల జాబితా కూడా నిబంధనల్లో ఉంది. కనుక పట్టిక లేకపోవడం ఒక్కటే పట్టుకుని ఫిర్యాదు చేయవద్దు. అచ్చు వేసిన అంకె మాత్రం నిజమై ఉండాలి.

డబ్బా నాలుగు వైపులా, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, లైసెన్సు నంబరు కనబడేటట్టు ఫొటోలు తీసి, బిల్లుకు జిరాక్సు తీయించండి, థర్మల్ కాగితం మీది అక్షరాలు త్వరగా వెలిసిపోతాయి. వినియోగదారుల కమిషన్‌లో గడువు రెండేళ్లు. ఆహార భద్రత చట్టం కింద చర్యకు మామూలు గడువు ఏడాదే గనుక ఆ ఫిర్యాదు ముందు ఇవ్వండి.