తోట పోయి కేజీ మిగిలింది

హనుమకొండ

బిడ్డా,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను, ఒకసారి టీచర్‌గా, ఇంకోసారి కథలు రాసుకునే మనిషిగా. టీచర్‌గా చదివినప్పుడు ఒక అనుమానం వచ్చింది. క్లాసులో ముప్పై మంది పిల్లలున్నారన్నావు కదా, పది పేజీల్లో ఒక్కరికీ ముక్కు కారలేదేం? ఒక్కడూ నిక్కరు తడుపుకోలేదు. ఎవరూ ఎవరినీ కొరకలేదు. అందరూ పువ్వుల్లా నవ్వుతూ కూర్చున్నారు, టీచరమ్మ వాళ్లలో దేవుణ్ణి చూసుకుంటోంది. ఈ ఊళ్లో అలాంటి ఎల్‌కేజీ ఉంటే చెప్పు, రిటైరైనా సరే రేపే వచ్చి చేరతాను.

కోప్పడుతున్నాననుకోకు. నా మొదటి కథలు చీమలు పట్టేంత తియ్యగా ఉండేవి.

ముందు జూన్ గురించి రాయి. 12న బళ్లు తెరిచాక వారం రోజులు గేటు దగ్గర ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఒకడు ఏడుపు అందుకుంటే ఇరవై మంది శ్రుతి కలుపుతారు. చంకలో ఒకరు, కొంగు పట్టుకుని ఇద్దరు, చేతిలో ఎవరిదో మూత రాని వాటర్ బాటిల్. మధ్యాహ్నానికి గొంతు పోతుంది, నడుము పోతుంది. నేను చేరిన కొత్తలో ఒక బాబు ఏడుపు ఆపడానికి "అమ్మ ఇప్పుడే వస్తది" అన్నాను. వాడు నమ్మాడు. బ్యాగు భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. అన్నానికి పిలిచినా రాలేదు. ఆ తర్వాత చాలా రోజులు నేనేం చెప్పినా నా మొహంలోకి అనుమానంగా చూసేవాడు. నాలుగేళ్లవాడికి "ఇప్పుడే" అన్నా, "మూడు గంటలకు" అన్నా ఏం తెలుస్తుంది? "అన్నం తింటవు, పండుకుంటవు, లేచి ముఖం కడుక్కున్నంక అమ్మ వస్తది" అంటే లెక్క తెలుస్తుంది. వాడి గడియారం అదే. నువ్వు పిల్లాడి వైపు నుంచి చెబుతూ "ఉదయం తొమ్మిదిన్నరకు" అని రాశావు. అది కొట్టెయ్.

ఫ్రోబెల్ అనే జర్మన్ పంతులు 1837లో చిన్నపిల్లల కోసం ఒక బడి పెట్టాడు. 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు, అంటే పిల్లల తోట. బంతులు, చెక్క దిమ్మెలు, పాటలు, నిజంగానే మొక్కల మడులు కూడా. మన దాకా వచ్చేసరికి తోట పోయి కేజీ మిగిలింది. అందుకేనేమో అమ్మానాన్నలు తూకం రాళ్లు పట్టుకునే వస్తారు. "పక్క బడిలో నాలుగు గీతల నోట్‌బుక్కులు నింపిస్తున్నరట, మావోడు ఇంకా మట్టితోని ఆడుతుండు" అని నన్ను నిలదీసినవాళ్లు ఎందరో. వాళ్లకు చెప్పడానికని నేను మణికట్టు గురించి తెలుసుకున్నాను. అందులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థే. ఏళ్లు గడిచే కొద్దీ ఒక్కొక్కటీ గట్టిపడుతుంది. మూడున్నరేళ్లకు ఇంకా సగం కూడా తయారుకాని చేతికి మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, కాగితం చింపడమే రాతపని. కొందరు విన్నారు. కొందరు పక్క బడికి మార్చారు. మార్చినవాళ్లను తిట్టుకుంటూ కథ రాయకు. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకు. అంతకన్నా చిన్నవాళ్లకు అంగన్‌వాడీ ఉంది, కాదంటే డబ్బు పెట్టి ప్రైవేటు నర్సరీ. అప్పు చేసి ఫీజు కట్టిన తండ్రికి కళ్లకు కనబడే రసీదు ఆ నిండిన నోట్‌బుక్ ఒక్కటే.

నన్ను ఇప్పటికీ గుచ్చే సంగతి వేరే ఉంది. నేను పనిచేసిన ఒక బడిలో "మే ఐ గో టు టాయిలెట్" అని అడిగితేనే పంపాలని రూలు. ఒక పాప లేచి నిలబడి "మే ఐ... మే ఐ..." అంటూ మిగతా ముక్క వెతుక్కుంటోంది. నేను "ఊఁ, చెప్పు" అంటూనే ఉన్నాను, దాని కాళ్ల కింద తడి కనబడే దాకా. "ఒంటికొస్తుంది టీచర్" అని చెప్పడానికి దానికి క్షణం పట్టేది కాదు. రూలు బడిదే, కానీ "ఊఁ" అన్నది నేను. ఇది రాయడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. నీకూ ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. ఆ పది పేజీల్లో నువ్వు దాని చుట్టూ తిరుగుతున్నావని నా అనుమానం.

ఇంకో మాట. నీ కథలో ఎనుమాముల మార్కెట్ హమాలీ ఒకాయన ఉన్నాడు, "నిరుపేద" అని ఒక్క ముక్కలో దాటేశావు. మిర్చి సీజన్లో అలాంటి తండ్రి ఒకాయన సాయంత్రం కూతురి కోసం వచ్చేవాడు. పాప ఉరికి వెళ్లేది, ఆయన వెనక్కి జరిగేవాడు. నల్లా కింద మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేవాడు. అయినా పిల్లను ముట్టుకునేవాడు కాదు. "మిర్చి ఘాటు పోదు టీచర్, దాని కండ్లు మండుతయి" అనేవాడు. పాప బ్యాగు పట్టీ పట్టుకుని నడిపించుకుపోయేవాడు. నీ కథలో హమాలీ బిడ్డను ఎలా పట్టుకుంటాడు? అది చూసి రా, తర్వాత నిరుపేద అనాలో వద్దో ఆలోచిద్దాం.

ఈ పనిలో దక్కేదేమిటని అడిగావు. జీతం సంగతి నీకు తెలిసిందే, అటు పోవద్దు. నిన్ను గుర్తుపెట్టుకుంటారన్న ఆశ కూడా పెట్టుకోకు. ఆ వయసువి పెద్దయ్యాక ఎవరికీ పెద్దగా గుర్తుండవు. కాజీపేట స్టేషన్లో ఒక తల్లి "నీ ఎల్‌కేజీ టీచర్ రా" అని చూపిస్తే, మీసాలొచ్చిన కొడుకు మొహమాటంగా నవ్వి ఫోన్లోకి తల దించుకున్నాడు. వాడి చెవి వెనక పుట్టుమచ్చ ఎక్కడుందో నేను చెప్పగలను. ఆ పూట కాస్త మనసు చివుక్కుమంది, అబద్ధమెందుకు.

అయినా దక్కుతుంది. ఒక ఏడు జూన్ నుంచి పెదవి విప్పని పాప ఉండేది. చెవుడేమోనని కూడా అనుకున్నాం. దసరా సెలవులకు ముందు బడిలో బతుకమ్మ పేరుస్తున్నాం. నేను తొందరలో గునుగు పువ్వు ముందు పెట్టాను. వెనక నుంచి ఒక గొంతు: "గట్ల కాదు టీచర్, ముందుగాల తంగేడు పెట్టాలె." నేను తిరిగి చూసే లోపే పాప గుమ్మడాకు సర్ది, తంగేడు పేర్చడం మొదలుపెట్టింది.

ఆ మాట సాయంత్రం ఇంటికెళ్లి రాసుకుందామనుకున్నాను. ఈలోగా ఎవరికో వాంతులు, ఎవరిదో చెప్పు పోయింది, ఆటో రాలేదు. రాత్రి కూర్చునేసరికి అది "గట్ల" అన్నదో "అట్ల" అన్నదో నాకు గుర్తు లేదు. ఇప్పటికీ తేలలేదు. నువ్వు సాయంత్రం దాకా ఆగకు, అటెండెన్స్ రిజిస్టర్ వెనకైనా సరే అప్పుడే రాసుకో. పిల్లల పేర్లు మాత్రం మార్చు.

కథ తిరగరాశాక పోస్టులో వెయ్యకు. సెలవుల్లో ఇంటికే తీసుకురా, సకినాలు చేసి పెడతాను.

ఉంటాను,
మీ టీచరమ్మ