సందేహాలు–సమాధానాలు: టియర్‌డ్రాప్ ట్రెయిలర్ ఊగితే, కారితే

ప్రశ్న: 4×8 అడుగుల మడత ఫ్రేము మీద టియర్‌డ్రాప్ (కారు వెనక లాక్కెళ్లే, నీటిబొట్టు ఆకారపు చిన్న పడక ట్రెయిలర్; వంటగది వెనక తలుపు కింద ఉంటుంది) కట్టాను. సామానుతో 1,100 పౌండ్లు. గంటకు 55 మైళ్లు దాటితే వెనక తోక ఊపుతోంది. యాక్సిల్ వంకరపోయిందా?
(ఆస్టిన్, టెక్సాస్)

జవాబు: యాక్సిల్‌ని తర్వాత అనుమానిద్దాం, ముందు టంగ్ వెయిట్, అంటే ట్రెయిలర్ ముందు కొస (టంగ్) కారు మీద మోపే బరువు, తూచండి. ప్రయాణానికి సర్దినట్టే అంతా సర్ది, చదును నేల మీద చక్రాలకు అడ్డు పెట్టండి. బాత్రూమ్ తూకం మీద చెక్క దుంగ నిలబెట్టి, టంగ్ కొసనుండే కప్లర్‌ను, అది తగులుకునే కారు వెనకి హిచ్ బంతి ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో దుంగ మీద ఆనించండి. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం, అంటే మీకు 110–165 పౌండ్లు రావాలి.

ఈ ఊగుడుకి మామూలుగా దోషి వెనక వంటగదే. బియ్యం, పచ్చళ్ల జాడీలు, ఐస్ పెట్టె, నీళ్లు, అన్నీ అక్కడికే చేరతాయి. పది గ్యాలన్ల నీళ్లంటే 83 పౌండ్లు. హిచ్ నుంచి యాక్సిల్‌కి 8 అడుగులుండి, ఆ నీళ్లు యాక్సిల్‌కి 3 అడుగులు వెనక ఉంటే, టంగ్ మీంచి 31 పౌండ్లు లేచిపోతాయి. తూకం 70 చూపిస్తే మీ రోగం ఇదే. రెండు 5 గ్యాలన్ల డబ్బాలు చేసి ఒకటి యాక్సిల్ పైన, ఒకటి టంగ్ మీది పెట్టెలో ఉంచితే 130 దగ్గరికి వస్తుంది. రెండూ ముందుకే నెట్టకండి, కారు వెనక కుంగుతుంది. దారిలో ఊగుడు మొదలైతే బ్రేకు తొక్కొద్దు. స్టీరింగ్ నిలకడగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీంచి కాలు తీయండి.

ప్రశ్న: వెనక తలుపు కీలు దగ్గర వాన నీరు కారుతోంది. రెండుసార్లు సిలికాన్ పూశాను. ప్లైవుడ్ అంచు నల్లబడుతోంది.
(ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: మూడోసారి పూయకండి. పాత సిలికాన్ మీద కొత్తది సరిగా అంటదు, రంగూ నిలవదు. ప్లాస్టిక్ గీకుడుతో మొత్తం తీసేయాల్సిందే, విసుగు పనే.

తర్వాత ఒకరు లోపల టార్చితో కూర్చుంటే, ఇంకొకరు బయట నీళ్ల గొట్టం పట్టాలి. కింది నుంచి మొదలుపెట్టి, ఒక్కో చోట కొన్ని నిమిషాలు ఆగుతూ పైకి వెళ్లండి. పై నుంచి మొదలుపెడితే నీరు అన్ని చోట్లా జారి, ఎక్కడ దూరుతోందో తెలీదు.

తలుపు వెడల్పంతా ఒకటే ఉండే పొడవాటి పియానో కీలైతే కారడం సహజం: కీలు కణుపుల (ఇరుసు చుట్టూ తిరిగే చిన్న గొట్టాల) మధ్య సందులుంటాయి, వాటిని ఏ పూతా మూయలేదు, తలుపు ఎత్తగానే చిట్లుతుంది. కీలుకి ముందువైపు పైకప్పు మీద 3 అంగుళాల రబ్బరు పట్టీ బిగించి, కీలు మీదుగా తలుపు పైకి వాలనివ్వండి. పట్టీ కింద బ్యూటైల్ టేపు (నీరు దూరనివ్వని మెత్తటి జిగురు పట్టీ) వేయండి. స్క్రూలు ఒకేసారి బిగించెయ్యక, మర్నాడు మళ్లీ తిప్పండి, టేపు నెమ్మదిగా నలిగి బయటికొస్తుంది. పొంగింది కోసేయండి.

నల్లబడ్డ చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. గట్టిగా ఉంటే బాగా ఆరబెట్టి, నూనె ఆధారిత పాలీయురెథేన్ వార్నిష్ ఒక వంతుకి మినరల్ స్పిరిట్స్ (దాన్ని పలచన చేసే ద్రావకం) మూడు వంతులు కలిపి తొలి పూత వేయండి, చెక్క అంచు దాన్ని తాగేస్తుంది. తర్వాతి పూతలు చిక్కగా వేయండి. మెత్తగా దిగితే ఆ ముక్క కోసి కొత్తది అతకడమే.

ఒక సంగతి: వాన లేని రాత్రి కూడా పరుపు అడుగు తడిస్తే అది కారడం కాదు, మీ ఊపిరి ఆవిరే. పైకప్పు వెంటుతోపాటు కిటికీ వేలెడంత తెరవండి, పరుపు కింద బద్దలు పరవండి.

ప్రశ్న: చక్రాల బేరింగుల గ్రీజు ఎన్నాళ్లకోసారి మార్చాలి?
(అట్లాంటా)

జవాబు: ఏడాదికోసారి విప్పి, కడిగి, కొత్తది కూరండి. నట్టు బిగించాక కాస్త వెనక్కి వదిలి వేళ్లతో ఆనించండి, ఆ నట్టు ఊడకుండా ఆపే కాటర్ పిన్ కొత్తది వేయండి. ఇరవై మైళ్లు నడిపాక హబ్ (చక్రం మధ్య బేరింగులుండే భాగం) మీద చెయ్యి ఆనించలేనంత వేడుంటే అతిగా బిగించారు, లేదా గ్రీజు చాలలేదు. చక్రం తీసి వేసిన ప్రతిసారీ 50 మైళ్ల తర్వాత చక్రం నట్లు మళ్లీ బిగించండి.