‘పర్యవేక్షించలేదు’, ‘పర్యవేక్షించలేకపోయింది’: రెండూ ఒకటేనా?

సందేహం: 2001 సెప్టెంబరు 11 దాడులకు ముందు అమెరికా కాంగ్రెస్ ఆ దేశ ఉగ్రవాద నిరోధక విధానాన్ని ఏ మేరకు పర్యవేక్షించిందన్న విషయంపై వ్యాసం రాస్తున్నాను. ‘కాంగ్రెస్ ఈ విధానాన్ని సరిగా పర్యవేక్షించలేకపోయింది’ అని రాస్తే, చదివిన మిత్రుడు ‘పర్యవేక్షించలేదు’ అని దిద్దారు. ఈ రెండింటికీ అర్థభేదం ఉందా, శైలీభేదమేనా? ‘ఉగ్రవాదం’, ‘తీవ్రవాదం’ అనే మాటల్లో ఇక్కడ ఏది తగినది?

సమాధానం: అర్థభేదం ఉంది, అదీ చిన్నది కాదు. ‘లేదు’ చేరిన రూపం పని జరగలేదన్న సంగతిని మాత్రమే చెబుతుంది. ‘లేకపోయింది’ అనేది, చేయాలన్న పూనిక ఉన్నా శక్తిగాని వీలుగాని చాలలేదని కూడా చెబుతుంది. ‘నీ ఉత్తరానికి జవాబు రాయలేదు’ అన్నవాడు ఉన్నమాట చెప్పి ఊరుకున్నాడు. ‘రాయలేకపోయాను’ అన్నవాడు ఆ మాటలోనే తన సంజాయిషీ కూడా ఇచ్చుకున్నాడు. కాబట్టి మీరు కాంగ్రెస్ తరఫున సంజాయిషీ ఇచ్చారు, మీ మిత్రుడు దాన్ని కొట్టేశారు. ఇద్దరిలో ఎవరిది ఒప్పన్నది వ్యాకరణం ఒక్కటే తేల్చదు, ఆనాటి సంగతులు తేల్చాలి.

అయితే మీ మిత్రుని దిద్దుబాటులో వ్యాకరణపరమైన చిక్కు ఒకటి ఉంది. ‘కాంగ్రెస్’, ‘సభ’, ‘సంఘం’ (అంటే సభ్యులతో ఏర్పడిన కమిటీ) మూడూ అమహద్వాచకాలు, అంటే ‘అది’ అని చెప్పుకునే మాటలు. అమహదేకవచనంలో ‘చేయలేదు’ అనే రూపానికి ‘ఆ పని జరపలేదు’ అన్న భూతకాలపు అర్థమూ, ‘ఆ పని దానికి చేతకాదు’ అన్న అశక్తార్థమూ రెండూ ఉన్నాయి. ‘నేను చేయలేదు’, ‘నేను చేయలేను’ అని ఉత్తమపురుషలో విడివిడిగా ఉన్న రూపాలు ఇక్కడ ఒకటైపోతాయి. ‘ఏ ఒక్క సంఘమూ ఈ విధానాన్ని మొత్తంగా చూడలేదు’ అన్న వాక్యాన్నే తీసుకోండి. ఏ సంఘమూ పట్టించుకోలేదని చెబుతున్నారా, అంత విధానాన్ని చూడడం ఒక్క సంఘానికి సాధ్యం కాదని చెబుతున్నారా? మాట్లాడేటప్పుడు సందర్భమో గొంతులోని ఒత్తో ఆదుకోవచ్చు. అచ్చులో ఆ ఆసరా తక్కువ. బహువచనంలోకి మార్చితే చిక్కు విడిపోతుంది: ‘సంఘాలు చూడలేదు’ అంటే జరగని పని, ‘సంఘాలు చూడలేవు’ అంటే చేతకాని పని. ‘సభ్యులు అడగలేదు’, ‘సభ్యులు అడగలేరు’ అన్నా అంతే. సంస్థల గురించి రాసేవారు ఈ కిటుకు గుర్తుంచుకుంటే చాలా అపార్థాలు తప్పుతాయి.

ఇక సంగతుల విషయం. అమెరికా కాంగ్రెస్‌లోని రెండు సభల్లో సెనేట్ 1976లో, ప్రతినిధుల సభ 1977లో నిఘా వ్యవహారాలకు ప్రత్యేక సంఘాలను ఏర్పరచుకున్నాయి. కానీ ఉగ్రవాద నిరోధం నిఘా సంఘాల చేతిలోనే లేదు. ఎఫ్‌బీఐ పని న్యాయ వ్యవహారాల సంఘాల కింద, సైన్యం పని సాయుధ దళాల సంఘాల కింద, దౌత్య కార్యాలయాల పని విదేశీ వ్యవహారాల సంఘాల కింద ఉండేవి. నిఘా సంస్థల ఖర్చులో అధిక భాగం రక్షణ శాఖ పద్దులో రహస్యంగా కలిసిపోయి ఉండేది. ఆ డబ్బు విడుదల చేసే అధికారం నిఘా సంఘాలది కాదు, నిధుల కేటాయింపు సంఘాలది. దీనికి తోడు సెనేట్ నిఘా సంఘంలో ఒక సభ్యుడు ఎనిమిదేళ్లకు మించి కొనసాగకూడదన్న నియమం ఒకటి అప్పట్లో ఉండేది. రహస్య వ్యవహారాల లోతుపాతులు ఒంటబట్టేసరికి సభ్యుడు దిగిపోవలసి వచ్చేది. వీటి గురించి రాసేటప్పుడు మీ ‘లేకపోయింది’ అక్షరాలా సరిపోతుంది: ‘విడివిడిగా పనిచేసిన సంఘాల్లో ఏదీ ఈ విధానాన్ని మొత్తంగా చూడలేకపోయింది.’

అయితే ఆ సంఘాలను అలా విడదీసి ఉంచింది ఎవరు? ఇక్కడ మీ మిత్రుని వైపు వాదం బలపడుతుంది. సంఘాల అధికార పరిధిని మార్చుకునే హక్కు పూర్తిగా ఆ సభలదే. అధ్యక్షుడి సంతకం కూడా అక్కర్లేదు. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక మారిన ముప్పులకు తగినట్టు కాంగ్రెస్ తన సంఘాల ఏర్పాటును మార్చుకోలేదని, దాడులపై విచారణ జరిపిన కమిషన్ 2004 జూలై 22న వెలువరించిన నివేదికలో తప్పుపట్టింది. నిఘా, ఉగ్రవాద నిరోధాలపై కాంగ్రెస్ పర్యవేక్షణ ఆనాటికీ గాడి తప్పే ఉందని కూడా చెప్పింది. ఆ కమిషన్ ఉపాధ్యక్షుడు లీ హామిల్టన్ అంతకు ముందు ప్రతినిధుల సభ నిఘా సంఘానికి అధ్యక్షత వహించినవాడే గనుక, దీన్ని బయటివారి విమర్శగా కొట్టిపారేయడానికి వీల్లేదు. చేతిలో ఉన్న పని చేయనప్పుడు ‘మార్చుకోలేకపోయింది’ అంటే లేని పూనికను అంటగట్టినట్టు అవుతుంది. ‘మార్చుకోలేదు’ అనే రాయాలి.

‘కాంగ్రెస్‌కు తెలియలేదు’ అన్న మాట మాత్రం మీ వ్యాసంలో ఎక్కడా రానీయకండి. బిన్ లాదెన్, ఆయన అనుచర బృందాల వల్లే అత్యంత సమీపమైన, తీవ్రమైన ముప్పు ఉందని సీఐఏ అధిపతి జార్జ్ టెనెట్ 2001 ఫిబ్రవరి 7న సెనేట్ నిఘా సంఘం ముందు బహిరంగంగానే చెప్పారు. దేశ అంతర్గత భద్రతకు ప్రత్యేక సంస్థ కావాలని మాజీ సెనేటర్లు గ్యారీ హార్ట్, వారెన్ రడ్‌మన్‌ల నాయకత్వంలోని కమిషన్ 2001 ఆరంభంలో సిఫారసు చేసింది. అందుకు తగిన బిల్లును మార్చిలో ప్రతినిధుల సభలో ఆ సభ సభ్యుడు మాక్ థార్న్‌బెర్రీ ప్రవేశపెట్టారు. దాడుల నాటికి అది చట్టం కాలేదు. ‘చట్టం కాలేదు’ అన్నది, గమనించండి, ఎవరినీ నిందించని నికార్సైన వాక్యం. బిల్లును కావాలని తొక్కిపెట్టారనడానికి మీ దగ్గర ఆధారం ఉంటే తప్ప దీన్ని మార్చకండి.

‘పర్యవేక్షణ కొరవడింది’ అని రాస్తే ఈ గొడవంతా ఉండదు కదా అని మీకు తోచవచ్చు. పత్రికల్లో ఈ వాక్యానికి గిరాకీ ఎక్కువ. అందులో కర్త స్థానంలో పర్యవేక్షణ ఉంది, పర్యవేక్షించవలసినవారు లేరు. వాన కొరవడినట్టు అదీ దానంతటదే కొరవడినట్టు వినిపిస్తుంది. బాధ్యతను విచారించే వ్యాసంలో బాధ్యుడిని మాయం చేసే వాక్యం పనికిరాదని నా అభిప్రాయం. అలాగే ‘కాంగ్రెస్ దాడులను అడ్డుకోలేకపోయింది’ అన్నదీ తప్పే: దాడులను అడ్డుకోవడం కార్యనిర్వాహక శాఖ పని, వారి పని ఎలా ఉందో అడిగి తెలుసుకోవడం శాసనసభల పని.

మీ వాక్యాన్ని రెండుగా విడదీసి ఇలా రాయవచ్చు: ‘అధికార పరిధులు చీలిపోయి ఉండడం వల్ల కాంగ్రెస్ సంఘాలు ఉగ్రవాద నిరోధక విధానాన్ని మొత్తంగా పర్యవేక్షించలేకపోయాయి, ఆ పరిధులను సరిచేసే అధికారం తమకే ఉన్నా ఉభయసభలు దాన్ని వినియోగించలేదు.’ కాంగ్రెస్ అనగానే మనవారికి ముందుగా పార్టీ గుర్తొస్తుంది గనుక, వ్యాసం మొదట్లో ఒకసారి ‘అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్’ అని చెప్పడం మేలు. ‘కాంగ్రెస్ నిఘా’ అని మాత్రం రాయకండి; నిఘా సంస్థల మీద జరిపే పర్యవేక్షణకు కూడా ‘నిఘా’ అనే వాడితే ఎవరు ఎవరిని చూస్తున్నారో పాఠకుడికి అందదు.

రెండో సందేహానికి జవాబు చిన్నదే. తీవ్రవాదం అంటే హద్దు మీరిన భావధోరణి, అది హింసకు దిగవచ్చు, దిగకపోవచ్చు. ఉగ్రవాదం అంటే భయోత్పాతం కలిగించే హింసే. పత్రికలు చాలాకాలం రెండింటినీ కలగలిపి వాడినా, మీ వ్యాసానికి ‘ఉగ్రవాదం’ అన్నదే తగినది.